కాలనీ పార్కుకు కంచె వేయాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కాలనీ జనరల్ బాడీ మీటింగుల్లో గొంతులు పెరిగే విషయాల్లో పార్కు ఒకటి. ఉయ్యాల గొలుసులు పోయాయని ఒకరు మొదలుపెడతారు. బెంచీల కింద బీరు సీసాలు పగలగొట్టారని ఇంకొకరు అందుకుంటారు. "కంచె వేసి తాళం పెట్టేద్దాం, పీడా పోతుంది" అని వెనక వరుస నుంచి ఓ మాట వస్తుంది. "అదేమన్నా మన సొంత జాగానా?" అని మరో మాట. ఆ తర్వాత ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

సంఘం పనులతో తిరిగే రోజుల్లో నన్ను జనం పదే పదే అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తక్కువ ఎత్తులో, లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించేలా ఉండే కంచెకు నాకు అభ్యంతరం లేదు. గేటు ఎప్పుడు తెరుస్తారో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కాగితం మీద తేల్చకుండా స్తంభాలకు గుంతలు తవ్వడానికి మాత్రం ఒప్పుకోను.

అసలు పార్కు స్థలం ఎవరిది? సంఘానిదా, మున్సిపాలిటీదా?

అనుమతి ఉన్న లేఅవుట్ అయితే రోడ్లు, పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు చేరతాయి. అంటే జీహెచ్ఎంసీ, మున్సిపాలిటీ, లేదంటే పంచాయతీ. "ప్లాటు కొన్నప్పుడు పార్కుకు కూడా డబ్బులు కట్టాం కదా" అని చాలామంది అంటారు. కట్టిన మాట నిజమే. దానివల్ల ఆ స్థలాన్ని పార్కుగానే ఉంచమని గట్టిగా అడిగే హక్కు వస్తుంది, తాళం వేసుకునే హక్కు రాదు.

ఆ అడిగే హక్కు చిన్నదేమీ కాదు. బెంగళూరు రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్ కట్టుకోవడానికి ఒక ట్రస్టుకు ఇచ్చేశారు. అక్కడివాళ్లు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. పార్కు అనేది అందరి మేలు కోసం ఉంచిన స్థలమని, అధికారులు తమ ఇష్టానికి మార్చేయడానికి లేదని ఆ తీర్పు సారం. ఇదే వాదం మనకూ వర్తిస్తుంది. అధికారులు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వకూడని స్థలాన్ని సంఘం తన సభ్యుల క్లబ్బుగా మార్చుకోవచ్చని ఎలా అనగలం?

మీ లేఅవుట్ ప్లాను కాపీ ఎవరి దగ్గరా లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్లాను చేతిలో లేకుండా కంచె గురించి మాట్లాడటం దండగ. కొలతలు చూశాక పార్కు మూల పక్కింటివాళ్ల కారు షెడ్డులో ఉందని తేలిన సందర్భాలూ ఉంటాయి.

అయితే సంఘం సొంత డబ్బుతో కంచె వేయకూడదా?

వేయొచ్చు, స్థలం ఎవరిదో వాళ్ల అనుమతితో. హైదరాబాద్‌లో పార్కుల పని చూసేది జీహెచ్ఎంసీ అర్బన్ బయోడైవర్సిటీ విభాగం. వేరే ఊళ్లలో మున్సిపల్ కమిషనర్ పేరున అర్జీ రాసి, జనరల్ బాడీ తీర్మానం, స్కెచ్ జతచేయాలి. పార్కు నిర్వహణను సంఘాలకు అప్పగించే ఒప్పందాలు కూడా ఉన్నాయి. అలాంటిదేమైనా రాసుకుంటే అందులో గేటు వేళలు, జనం రాకపోకల గురించి ఏముందో సంతకం పెట్టేముందు చదవండి.

"కార్పొరేటర్ గారు సరేనన్నారు" అన్నది అనుమతి కాదు.

కంచె వేస్తే పాడుచేయడం ఆగుతుందా?

ఏది పాడవుతోంది, ఎప్పుడు పాడవుతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. "పార్కు పాడు చేస్తున్నారు" అని మనం ఒక్క మాటలో అనేస్తాం. విడదీసి చూస్తే అందులో నాలుగైదు వేర్వేరు సమస్యలు ఉంటాయి.

మొదటిది దొంగతనం. ఇత్తడి కుళాయిలు, లైట్ల వైరు, ఉయ్యాల గొలుసులు, ఓపెన్ జిమ్ పరికరాల భాగాలు, చివరికి మొక్కల చుట్టూ పెట్టిన ట్రీగార్డులు కూడా. ఇవి పాత సామాన్ల కొట్టుకు వెళతాయి. ఇనుప కంచె కూడా అక్కడికే వెళ్లగలదని మర్చిపోకూడదు. చైన్‌లింక్ మెష్‌ను ఓ కటింగ్ ప్లేయరుతో కత్తిరించి చాపలా చుట్టేసి పట్టుకుపోతారు. దొంగతనానికి వచ్చేవాడు ఎలాగూ గోడ దూకడానికి సిద్ధపడే వస్తాడు కాబట్టి కంచె అతన్ని కాస్త ఆలస్యం చేస్తుందంతే.

రెండోది బండ్లు. టిప్పరు వచ్చి ఇల్లు పడగొట్టిన మట్టి, ఇటుక ముక్కలు పోసి పోవడం, ఆటోలు, కార్లు పార్కులోనే నిలిపేయడం. దీనికి కంచె బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ మాటకొస్తే కంచె కూడా అక్కర్లేదు, రోడ్డు వైపు వరుసగా రాతి దిమ్మెలు పాతినా చాలు.

మూడోది రాత్రి మందు పార్టీలు. దీని గురించి కింద విడిగా రాశాను.

నాలుగోది చాలామంది ఒప్పుకోనిది: మన పిల్లలే. సాయంత్రం ఆరింటికి పూలకుండీ పగలగొట్టేదీ, స్లైడు మీద మేకుతో పేర్లు చెక్కేదీ, రెండేళ్ల పిల్లల ఉయ్యాలలో ఇద్దరిద్దరు కూర్చుని ఊగేదీ కాలనీ పిల్లలే. వాళ్లు గేటులోంచే వస్తారు. వాళ్లను కంచె ఏం ఆపుతుంది?

అందుకే ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏం పాడైంది, ఎప్పుడు చూశారు, అంతకుముందు ఎప్పుడు బాగుంది, ఫొటో ఉందా. రెండు మూడు నెలలు రాస్తే చాలు. నష్టం ఎక్కువగా రాత్రి పది తర్వాత జరుగుతోందని తేలితే రాత్రి తాళానికి అర్థం ఉంటుంది. పట్టపగలే జరుగుతోందని తేలితే కంచె డబ్బును ఓ మనిషి జీతానికి వాడటం మేలు.

కంచె వల్ల పార్కు ఇంకా పాడైన చోట్లు ఉన్నాయా?

ఉన్నాయి. అందరూ ఎక్కువగా చెప్పుకునేది న్యూయార్క్ బ్రయంట్ పార్కు సంగతి. నగరం నడిబొడ్డున, 42వ వీధి పక్కన ఉంటుంది. రోడ్డు కంటే ఎత్తులో ఉండేది, చుట్టూ ఇనుప కంచె, దాని వెంట దట్టమైన పొదలు. 1970ల నాటికి అది మత్తుమందులు అమ్మేవాళ్ల అడ్డాగా మారింది. మామూలు జనం లోపలికి వెళ్లాలంటే భయపడేవారు. విలియం వైట్ అనే సామాజిక పరిశోధకుడు అక్కడి పరిస్థితి చూసి, లోపల ఏముందో బయటికి కనిపించకపోవడమే దాని జబ్బు అని తేల్చాడు. పార్కును 1988లో మూసి, పొదలు తీసేసి, దారులు పెంచి, ఎటంటే అటు జరుపుకునే కుర్చీలు వేసి, తిండి దుకాణాలు పెట్టి 1992లో తెరిచారు. జనం పెరిగారు, అడ్డా పోయింది.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్కడ పొదలు తీయడంతోనే పని అయిపోలేదు. రోజూ శుభ్రం చేసేవాళ్లు, కాపలా మనుషులు, ఏడాది పొడవునా ఏదో ఒక కార్యక్రమం, వీటన్నిటికీ డబ్బు, ఇవన్నీ ఉన్నాయి. మన పార్కులో కంచె తీసేసి ఊరుకుంటే అదే ఫలితం వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

మా పార్కులో రోజూ రాత్రి మందు పార్టీలే. తాళం తప్ప దారేముంది?

ముందు చీకటి పోగొట్టండి. పార్టీ ఎప్పుడూ వెలుగున్న బెంచీ మీద జరగదు. మూల, చెట్టు చాటు, వీధిలైటు కాలిపోయిన వైపు చూసుకుని కూర్చుంటారు. లైటు బాగుచేయించి, నడుము ఎత్తు దాటిన పొదలు కత్తిరించి, ఆ మూలలో ఉన్న బెంచీని రోడ్డుకు కనిపించే చోటికి మార్చితే సగం పని అవుతుంది. కంచెతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ.

గొడవ చేస్తున్నప్పుడు 112కు ఫోన్ చేయండి. ఒక్కరే వెళ్లి వాదన పెట్టుకోవద్దు. స్టేషన్‌కు సంఘం తరఫున రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రాత్రి గస్తీ బండి పార్కు మీదుగా వెళ్లేలా అడగండి. ఫోన్ చేసినప్పుడల్లా నోట్‌బుక్‌లో రాసుకుంటే ఆ ఫిర్యాదుకు బలం వస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా ఆగకపోతే రాత్రి తాళం సరైన పనే. దానికి కంచె కావాల్సిందే, కాదనను.

బయటివాళ్లు వస్తున్నారు. గేటు పెట్టి ఆపొచ్చా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను తిరిగి ఒకటి అడుగుతాను: బయటివాళ్లంటే ఎవరు?

జవాబు సాధారణంగా ఇలా ఉంటుంది. పక్క బస్తీ పిల్లలు క్రికెట్ ఆడటానికి వస్తారు. మధ్యాహ్నం రెండింటికి ఆటో డ్రైవర్లు చెట్టు కింద పడుకుంటారు. డెలివరీ కుర్రాళ్లు ఆర్డర్ల మధ్య కూర్చుంటారు. ఇళ్లల్లో పనిచేసే అమ్మలు పని ముగించుకుని, ఇంకో ఇంటి పనికి ముందు అక్కడే డబ్బా విప్పుకుని అన్నం తింటారు. వాచ్‌మన్ల కుటుంబాలు, మేస్త్రీలు, కూలీలు. వీళ్లలో సీసాలు పగలగొట్టేది ఎవరు? నోట్‌బుక్ రాసిన చోట ఈ జాబితాకూ నష్టాల జాబితాకూ పెద్దగా పొత్తు కుదరదు.

స్థలం స్థానిక సంస్థది. కాలనీలో ఇల్లు లేదన్న కారణంతో ఎవరినీ గేటు దగ్గర ఆపే అధికారం సంఘానికి లేదు. ఐడీ కార్డు అడగడం, ప్లాటు నంబరు అడగడం, "మెంబర్స్ ఓన్లీ" బోర్డు పెట్టడం, ఇవన్నీ ఎవరైనా ఫిర్యాదు చేస్తే నిలవవు.

పైగా ఇది మన ఇళ్లకే చుట్టుకుంటుంది. మన ఇంట్లో అంట్లు తోమే ఆవిడ మన ఇంటి ముందున్న పార్కులో కూర్చోకూడదు అంటే, ఆమె ఎక్కడ కూర్చోవాలో కూడా మనమే చెప్పాలి కదా? ఎండాకాలంలో నీడ ఉన్న స్థలం కాలనీ మొత్తానికి అదొక్కటే అయినప్పుడు ఈ ప్రశ్న ఇంకా గట్టిగా తగులుతుంది.

క్రికెట్ సంగతి వేరు. బంతి తగిలి ముసలివాళ్లకు దెబ్బలు తగులుతున్నాయంటే అది నిజమైన ఇబ్బంది. ఆటకు ఒక మూల, ఒక వేళ కేటాయించండి. రబ్బరు బంతి, టెన్నిస్ బంతి మాత్రమే అనండి. ఆ నియమం కాలనీ పిల్లలకూ బస్తీ పిల్లలకూ ఒకటే ఉండాలి.

గేటు ఏ వేళల్లో మూయాలి?

నా లెక్క ప్రకారం పొద్దున్నే అయిదు నుంచి రాత్రి పది దాకా తెరిచే ఉండాలి. బెంగళూరులో చాలా ఏళ్లు పార్కులను పగటి పూట మూసేసేవారు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరిచేవారు. దాని మీద అక్కడివాళ్లు ఎంతో మొరపెట్టుకున్నాక 2024లో వేళలను పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా పెంచారు.

మధ్యాహ్నం మూయడమే అన్నిటికంటే చెడ్డ పద్ధతి. వాకింగ్‌కు వచ్చేవాళ్లకు దానితో నష్టం లేదు కాబట్టి మీటింగ్‌లో ఎవరూ అడ్డు చెప్పరు. నీడ కోసం వచ్చేవాళ్లు మీటింగ్‌కు రారు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

కనీసం ముగ్గురి దగ్గర. పార్కుకు ఎదురింటివాళ్లు, తోటమాలి లేదా వాచ్‌మన్, సంఘం ఆఫీస్ బేరర్ ఒకరు. వాళ్ల ఫోన్ నంబర్లు గేటు మీద రాయాలి. సెక్రటరీ గారు ఊరికి వెళితే పార్కు మూతపడే కాలనీలు ఉన్నాయి. పెళ్లికో శుభకార్యానికో వెళ్లి వచ్చేదాకా పిల్లలు కంచె ఎక్కి దూకుతారు, ఊచలు వంగుతాయి, అప్పుడు దాన్నీ "పాడుచేయడం" కింద రాస్తారు.

ఎలాంటి కంచె మంచిది?

ప్రహరీ గోడ వద్దు. ఎంత ఖర్చయినా, ఎంత "పర్మినెంట్" అయినా వద్దు. గోడ వెనక ఏం జరుగుతోందో రోడ్డు మీదివాళ్లకు కనిపించదు. ఒంటరిగా నడిచే ఆడవాళ్లు ముందు మానేస్తారు. ఆ తర్వాత ముసలివాళ్లు మానేస్తారు. చివరికి మిగిలేది ఎవరి కోసం గోడ కట్టామో వాళ్లే. రెడీమేడ్ సిమెంటు పలకల గోడకూ ఇదే వర్తిస్తుంది.

చైన్‌లింక్ మెష్ చవక, లోపలికి కనిపిస్తుంది. కానీ పైన ఎక్కి కూర్చుంటే సాగిపోతుంది, కింద కుక్కలు, పిల్లలు దూరే సందు పడుతుంది. అడుగున చిన్న సిమెంటు బెడ్డు వేసి దానిలో మెష్ అంచును బిగిస్తే కొన్నేళ్లు నిలుస్తుంది.

ఎమ్మెస్ గ్రిల్, అంటే మైల్డ్ స్టీల్ ఊచల కంచె, చూడటానికి బాగుంటుంది, గట్టిది, కానీ రంగు వేయడం మానేస్తే తుప్పు. విశాఖ లాంటి సముద్రపు గాలి ఉన్న చోట అయితే ఆ తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. ఊచల చివర్లు బల్లెంలా పదునుగా పెట్టే డిజైన్ ఒకటుంది. పిల్లలు ఎక్కుతారని తెలిసీ అది పెట్టించడం ఏం తెలివో నాకు అర్థం కాదు.

మొక్కల కంచె నాకు ఇష్టం. వాక్కాయ మొక్క ముళ్లతో దట్టంగా పెరుగుతుంది, కాయలు పచ్చడికి, పప్పులోకి పనికొస్తాయి. గోరింట, కాగితపు పూల మొక్కలూ బాగానే ఉంటాయి. దట్టం కావడానికి రెండు మూడేళ్లు పడుతుంది, మొదటి ఏడాది నీళ్లు తప్పనిసరి. నడుము ఎత్తు దాటకుండా కత్తిరిస్తూ ఉండాలి, లేకపోతే అదే ఇంకో చాటు అవుతుంది. త్వరగా పెరుగుతుందని నర్సరీవాళ్లు కోనోకార్పస్ అంటగడతారు. దాని వేర్లు పైపుల్లోకి చొరబడతాయని, పుప్పొడితో ఇబ్బందని ఫిర్యాదులు వచ్చి గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటవద్దని ఆపేసింది. తీసుకోకండి.

ఎత్తు మూడున్నర, నాలుగు అడుగులు చాలు. దొంగను ఆపడానికి ఎనిమిది అడుగులూ చాలవు, బండిని ఆపడానికి మూడు అడుగులే ఎక్కువ.

ముళ్లతీగ, గాజు పెంకులు, కరెంటు తీగ?

వద్దు, వద్దు, అసలే వద్దు. బంతి తెచ్చుకోవడానికి ఎక్కే పిల్లాడు గాయపడితే ఆ జవాబుదారీ కంచె వేయించినవాళ్ల మీద పడుతుంది. పార్కుకు కరెంటు కంచె అన్న మాట మీటింగ్‌లో వచ్చినా మినిట్స్‌లో రాయకండి, పరువు పోతుంది.

ఖర్చు ఎలా అంచనా వేయాలి?

చదరపు గజాలు చూసి కాదు, చుట్టుకొలత చూసి. వెయ్యి గజాల పార్కు 25 గజాలు, 40 గజాల కొలతల్లో ఉంటే చుట్టుకొలత 130 గజాలు, అంటే 390 అడుగులు. ఎనిమిది అడుగులకో స్తంభం అనుకుంటే సుమారు 49 స్తంభాలు. అదే వెయ్యి గజాలు 20, 50 కొలతల్లో ఉంటే 420 అడుగులు అవుతుంది. పక్కన ఇప్పటికే ఇళ్ల ప్రహరీలు ఉంటే అటువైపు కంచె అక్కర్లేదు కాబట్టి ముందు ఆ అడుగులు తీసేయండి.

కొటేషన్‌లో స్తంభాల పునాది, గేట్లు, రంగు, పాత చెత్త తీయడం విడివిడిగా రాయించండి. స్తంభాల గుంతలు చెట్ల వేర్లను నరకకుండా జరిపి తవ్వమని కూడా రాయించండి. చెట్టు అడ్డం వస్తోందని కొట్టేయడానికి వీల్లేదు, నీళ్లు, నేల, చెట్ల రక్షణ కోసం ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. ఆ పైన ప్రతి ఏటా మరమ్మతులకు ఎంత పక్కన పెడతారో తేల్చండి. వేసేటప్పుడు చందాలు వస్తాయి, రెండేళ్ల తర్వాత తుప్పు గోకడానికి ఎవరూ ఇవ్వరు.

గేట్లు ఎన్ని ఉండాలి?

రెండుకు తగ్గకూడదు, వేర్వేరు వైపుల. ఒక్క గేటే ఉంటే ఎవరైనా వెంటపడినప్పుడు బయటపడే దారి ఉండదు. బైకులు రాకుండా గేటు దగ్గర ఇనుప గొట్టాలను వంకరగా బిగిస్తుంటారు. ఆ మెలికలో చక్రాల కుర్చీ ఇరుక్కుంటుంది, పసిపిల్లల తోపుడు బండీ పట్టదు. ఒక్క గేటైనా 900 మిల్లీమీటర్ల వెడల్పు దారితో, మెట్టు లేకుండా ఉండాలి.

కంచె బదులు సీసీ కెమెరాలు పెడితే?

వెలుగు ఉంటే పనికొస్తాయి. చీకట్లో మసక నీడలు తప్ప ఏమీ కనపడదు. కెమెరా పెట్టిన ఉత్సాహం రికార్డరు చెడిపోయిన రోజు ఉండదు. వారానికోసారి ఫుటేజీ వస్తోందో లేదో చూసే మనిషి పేరు ముందే రాసుకోండి. కెమెరా చూపు పక్కింటి కిటికీల మీద పడకుండా చూడండి.

వీధికుక్కల మాటేమిటి?

కంచె కుక్కల కోసం వేస్తే నిరాశే. గేటు రోజంతా తెరిచి ఉంటుంది, అవీ అందులోంచే వస్తాయి. ఆపరేషన్, టీకాల కోసం మున్సిపాలిటీకి రాయండి.

కబ్జా భయం ఉంది. అప్పుడూ కంచె వద్దంటారా?

అప్పుడు తప్పకుండా వేయమంటాను. ఖాళీగా, హద్దు తెలియకుండా పడి ఉన్న పార్కు స్థలంలో ముందు ఇసుక కుప్ప, తర్వాత షెడ్డు, ఆ తర్వాత చిన్న గుడి లేదా గది వస్తాయి. హైదరాబాద్‌లో 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ, కబ్జాలో ఉన్న చాలా పార్కు స్థలాలను ఖాళీ చేయించి, చుట్టూ ఫెన్సింగ్ వేసి, పార్కు స్థలమని బోర్డులు పెట్టింది. అలాంటి చోట కంచె అంటే హద్దు గీత. దాన్ని స్థానిక సంస్థతోనే, సర్వే కొలతల ప్రకారం వేయించుకోవాలి. సంఘం సొంతంగా వేస్తే రేపు అవతలివాడు "కబ్జా చేసింది వీళ్లే" అని కోర్టుకెక్కుతాడు.

గేటు దగ్గర బోర్డు మీద ఏం రాయాలి?

తెరిచే వేళ, మూసే వేళ, తాళం ఎవరి దగ్గర ఉంది, 112, ఫిర్యాదు చేయాల్సిన మున్సిపల్ నంబరు. అంతకుమించి నీతులు వద్దు. 2021 ఆగస్టులో హైదరాబాద్ ఇందిరా పార్కులో పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానర్ కట్టారు. జనం మండిపడటంతో జీహెచ్ఎంసీ దాన్ని తీసేయాల్సి వచ్చింది. పార్కులో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో నిర్ణయించడం సంఘం పని కాదు.

పాడుచేస్తూ ఎవరైనా దొరికితే?

కొట్టొద్దు, వీడియో తీసి గ్రూపులో పెట్టొద్దు. ప్రభుత్వ, స్థానిక సంస్థల ఆస్తికి నష్టం చేస్తే భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. 1984 నాటి ప్రజా ఆస్తుల చట్టం ఇంకా కఠినం, అయిదేళ్ల దాకా. పిల్లలైతే తల్లిదండ్రులను పిలిచి, విరగ్గొట్టింది వాళ్ల చేతే బాగుచేయించండి. వాళ్లకు ఆ మొక్కల బాధ్యతే అప్పగించి చూడండి, చాలాసార్లు పనిచేస్తుంది.

మీటింగ్‌లో ఎలా తేల్చాలి?

"కంచె కావాలా, వద్దా" అని చేతులెత్తించకండి. ఆ ప్రశ్నకు కాలనీ రెండుగా చీలుతుంది, పార్కు మాత్రం అలాగే ఉంటుంది. విడివిడిగా అడగండి: ఏ వైపు, ఎంత ఎత్తు, ఎన్ని గేట్లు, ఏ వేళలు, ఎవరి డబ్బు. చాలామంది మొదటి రెండింటికి సరేనంటారు, గొడవంతా వేళల దగ్గరే వస్తుంది. అక్కడే ఎక్కువ సేపు మాట్లాడుకోండి. అద్దెకు ఉన్నవాళ్లను కూడా పిలవండి, పార్కుకు ఎక్కువగా వచ్చేది వాళ్ల పిల్లలే. బస్తీ నుంచి ఇద్దరు పెద్దమనుషులను పిలిస్తే ఇంకా మంచిది.

వేశాక పనిచేయకపోతే తీసేయొచ్చా?

తీసేయొచ్చు, కానీ ముందే రాసుకోకపోతే ఎవరూ తీయరు. తీర్మానంలోనే ఒక వాక్యం చేర్చండి: ఏడాది తర్వాత నష్టాల నోట్‌బుక్ చదివి, కంచెకు ముందు, తర్వాత తేడా చూసి, తాళం కొనసాగించాలో లేదో జనరల్ బాడీ మళ్లీ ఓటు వేస్తుంది అని. స్తంభాలకు మెష్‌ను వెల్డింగ్ చేయకుండా బోల్టులతో బిగించమని మేస్త్రీకి చెప్పండి. విప్పాల్సి వస్తే పని సులువు, ఇనుముకు ధర కూడా వస్తుంది.